ఎడం పక్క చుక్కలు

"ఎంతిచ్చినారు?" అన్నాడు కారయ్య మామ
తెగిన వలకన్ను ముడేస్తూ, తలెత్తకుండా.
వాళ్ళివ్వలేదు మామా, నేనే కట్టాను.
టికెట్టు, తిండి, మంచం, అన్నీ.
అమ్మ ఎండుచేపల చీటీ పాడి ఇచ్చింది.
మామ చేతిలో బద్ద ఆగింది.
"సొరని సూడ్డానికి నువ్వే డబ్బు కట్టినావా?
మరి నలబై వేల వల దానికిచ్చేసిన్నాడు
మాకెవులు కట్టినారే గుంటా?"

దీనికి జవాబు
బరంపురం కాలేజీలో చెప్పలేదు.
ఫిలిప్పీన్స్ దీవిలో మూడు నెలలు
రోజుకి నాలుగుసార్లు నీళ్ళలో దిగినా
దొరకలేదు.

అక్కడ దాన్ని బుటాండింగ్ అంటారు.
మొదటిసారి దూకినప్పుడు
గొట్టంలోకి ఉప్పునీళ్ళు పోయి ఒకటే దగ్గు,
సముద్రం మాకు పెరడు అని
గొప్పలు పోయిన నోటితోనే.
తల ముంచేసరికి కింద నేల కదులుతోంది.
నేల కాదు, వీపు.
మా పడవ కంటే రెండు మూరలు పొడుగు.
ఇంటి గుమ్మమంత నోరు తెరిచి
కంటికి ఆనని పురుగుల్ని జల్లెడ పడుతోంది.
అంత ఒంటికి ఉసిరికాయంత కన్ను.
ఆ కన్ను నన్ను చూసింది.
చూసి, లెక్కలో వేసుకోలేదు.

పైకి తేలితే పడవలో ప్రశ్నలు.
నువ్వు ఒడియానా? కాదు, తెలుగు.
మరి ఒడిశా అన్నావే?
మళ్ళీ ముంచేశాను తల.
కింద ఎవరూ అడగరు.

నా పని దాని ఎడం పక్క ఫోటో తియ్యడం.
మొప్పల వెనక చుక్కలుంటాయి,
ఏ రెండిటికీ ఒక్కలా ఉండవు.
వేలిముద్రల్లాంటివి, అంది మా గుంపుపెద్ద మారిసెల్.
ఆధార్‌లో వేలిముద్ర పడక
మూడుసార్లు ఛత్రపురం తిరిగిన అమ్మ గుర్తొచ్చింది.
ఉప్పు తినేసిన వేళ్ళు.
ఆ పూట నేను తీసిన ఫోటోలన్నీ కదిలిపోయాయి.

మామకి ఫోన్‌లో చూపించాను.
చేతులు లుంగీకి తుడుచుకుని
ముఖానికి బారెడు దూరంగా పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"ఇదిగో పిల్లలకోడి.
ఇటేపు గొల్లకావడి, కొంచెం వంకర పోనాది.
దీన్ని నమ్ముకుంటే ఇంటికి రానేం."

తర్వాత, నేనడక్కుండానే,
ఆ మాఘమాసం తెల్లారగట్ల సంగతి.
వల బరువెక్కి పడవ ఒరిగిందట.
దానయ్య కత్తి తీశాడట, రెక్కలకి బేరముందని.
మామ ఆ కత్తే లాక్కుని
వల కోసేశాడు.
జాలేసిందా మామా?
"జాలేటి. అది గింజుకోనేదు.
గింజుకుంటే సంపుదుమేమో.
ఉత్తినే నిలబడిపోనాది,
రేషను లైన్లో మనిసిలాగ."
ఆ అప్పు తీరడానికి రెండు వేటకాలాలు పట్టింది.
అది మామ చెప్పలేదు, అత్త చెప్పింది,
చెప్పి చేపలబుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నా సంచీలోంచి
తనే తీశాడు కళ్ళద్దాన్ని.
గొట్టం వద్దన్నాడు.
అరవయ్యేళ్ళుగా మునుగుతూనే ఉన్నాడు,
ఎప్పుడూ కళ్ళు మూసుకునేనట.
రబ్బరు పట్టీ జుట్టులో చిక్కి బూతు వచ్చింది.
ఆర్జిపల్లి ఒడ్డు. రుషికుల్య వరదమట్టి
ఇంకా తేరుకోని నీళ్ళు.
నడుంలోతులో వంగాడు.

ఒక అల వచ్చిపోయింది. ఇంకోటి.
పిల్లలు వల గుట్టలెక్కి నవ్వుతున్నారు.
"ముసిలోడు ఏటి పారేసుకున్నాడే?"
అని పోలమ్మ గట్టుమీంచి కేకేసింది.

లేచాడు. ముఖమంతా ఎర్రటి గుండ్రటి గీత.
ఏం కనపడింది మామా?
"ఏటీ నేదు. నా కాళ్ళు.
అవీ సగమే."
అంటూనే
మళ్ళీ వంగాడు.